గన్నవరం అక్విడెక్టు

గన్నవరం అక్విడెక్టు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని పి.గన్నవరం దగ్గర ఉంది. గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ మీదుగా పంట కాలువను అవతలి ఒడ్డుకు దాటించే నీటి వంతెన ఇది. కింద నది, పైన కాలువ పారుతాయి. 1850ల తొలినాళ్లలో ఇటుక, సున్నంతో కట్టిన 49 కమానుల పాత కట్టడం, 2000లో దాని పక్కనే వాడుకలోకి వచ్చిన కొత్త కట్టడం రెండింటినీ స్థానికులు అక్విడెక్టు అనే పిలుస్తారు. వేరు చేసి చెప్పాల్సి వస్తే పాత అక్విడెక్టు, కొత్త అక్విడెక్టు అంటారు. కొత్తదాని అధికారిక నామం డొక్కా సీతమ్మ అక్విడెక్టు.

వైనతేయకు, వశిష్ఠకు నడుమ ఉన్న భూభాగం పూర్వపు నగరం తాలూకా, తరువాతి రాజోలు తాలూకా. మలికిపురం మండలం దిండి ఇందులోదే. ఇక్కడి పొలాలకు గోదావరి నీరు కాలువ ద్వారా అందేది ఈ వంతెన మీదుగానే. (కృష్ణా జిల్లాలో విమానాశ్రయం ఉన్న గన్నవరం వేరు. తెలంగాణలో కృష్ణా ఉపనది మీద కట్టిన దిండి జలాశయం కూడా వేరు. పేర్ల పోలిక వల్ల రెండు చోట్లా పొరపాటు పడేవారున్నారు.)

నిర్వచనం, పరిభాష

కాలువ దారిలో నదో, వాగో, మురుగు కాలువో అడ్డు వచ్చినచోట కట్టే నిర్మాణాలన్నిటికీ ఇంజనీర్లు కలిపి పెట్టిన పేరు క్రాస్ డ్రైనేజీ పనులు. వాటిలో కాలువ పైన, నది కింద ఉండి, నది వరద మట్టం కాలువ అడుగుకు తగలకుండా పారితే అది అక్విడెక్టు. నది మరీ ఎత్తులో ఉండి కాలువ కింద ఒత్తిడితో దూరిపోవాల్సి వస్తే సైఫన్ అక్విడెక్టు అవుతుంది. నది పైన, కాలువ కింద ఉంటే సూపర్ పాసేజ్. రెండూ ఒకే మట్టంలో కలిసి, గేట్లతో మళ్లీ విడిపోతే లెవెల్ క్రాసింగ్. డెల్టా గ్రామాల్లో కాలువ కింది నుంచి మురుగునీరు దాటే చిన్న కట్టడాన్ని అండర్ టన్నెల్ అంటారు. కోనసీమలో అలాంటివి చాలానే కనిపిస్తాయి. గన్నవరంలో దాటవలసింది మురుగు కాలువ కాదు, సముద్రపు పోటు తగిలే నదీ పాయ.

నీటి వంతెన అనే తెలుగు మాట పుస్తకాలకే పరిమితమైంది. కోనసీమలో బస్సు కండక్టరు మొదలు రైతు దాకా అందరూ అక్విడెక్టు అనే అంటారు. లాకు, లస్కరు మాటల్లాగే ఇదీ డెల్టా తెలుగులో కలిసిపోయింది.

భౌగోళిక నేపథ్యం

ధవళేశ్వరం దిగువన గోదావరి తూర్పున గౌతమిగా, పడమర వశిష్ఠగా చీలుతుంది. ఈ రెండు పాయల మధ్య ఉన్న త్రిభుజాకారపు నేలే కోనసీమ. నీటిపారుదల శాఖ లెక్కల్లో దీన్ని మధ్య డెల్టా అంటారు. వశిష్ఠ నుంచి గన్నవరం ఎగువన మరో పాయ విడివడి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే వైనతేయ. వశిష్ఠ అంతర్వేది వద్ద కలుస్తుంది. ఈ రెంటికీ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేల నిజానికి ఒక దీవి.

దిండి ఈ దీవి పడమటి అంచున వశిష్ఠ ఒడ్డున ఉంది. చించినాడ వంతెన దాటితే పశ్చిమ గోదావరి జిల్లా వస్తుంది. ఊరి ముందు అంత వెడల్పున నది పారుతున్నా, ఆ నీటిని చేలోకి తోడుకునే వీలు ఏడాదంతా ఉండదు. ఎగువ నుంచి వరద తగ్గాక సముద్రపు పోటు పాయల్లోకి ఎగదన్నుతుంది, నీరు ఉప్పుబారుతుంది. పైగా ఎండాకాలంలో నది మట్టం పొలాల కన్నా కిందికి దిగిపోతుంది. కాబట్టి ఈ దీవికి తియ్యనీరు రావాలంటే ఉప్పు తగలని ఎగువ చోట నదిని నిలిపి, అక్కడి నుంచి గట్ల మధ్య ఎత్తులో నడిపించుకు రావాలి. అలా తెచ్చిన నీటికి చివరి అడ్డంకి వైనతేయ. ఆ పాయలోకి వదిలితే తియ్యనీరు సముద్రం పాలవుతుంది. అందుకే దాని మీదుగా దాటించారు.

చరిత్ర

1830ల తొలి సంవత్సరాల కరవు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన తుపాను గోదావరి జిల్లాను బాగా దెబ్బతీశాయి. అప్పటి రాజమండ్రి జిల్లా దుస్థితిపై సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. దాని వెనుకే మద్రాసు ఇంజనీర్స్‌కు చెందిన ఆర్థర్ థామస్ కాటన్ (1803–1899) గోదావరికి ఆనకట్ట ప్రతిపాదించాడు. కావేరి డెల్టాలో కొల్లడం మీద 1836లో రెండు ఆనకట్టలు కట్టిన అనుభవం ఆయనకు అప్పటికే ఉంది. ఇసుక అడుగు మీద రాతి కట్టడం నిలుస్తుందన్న ధైర్యం ఆయనకు వచ్చింది చోళుల కాలపు కల్లణై ఆనకట్టను చూశాకే.

1846 చివరలో అనుమతి లభించింది. 1847లో పనులు మొదలై 1852లో పూర్తయ్యాయి. నది నడుమ ఉన్న లంకలను ఆసరాగా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టారు. నాలుగు భాగాల కట్టడం నిడివి కలిపి సుమారు 3.6 కిలోమీటర్లు, ఎత్తు 12 అడుగులు. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో పదివేల మంది దాకా కూలీలు ఉండేవారు. కాటన్ కింద కెప్టెన్ ఓర్, లెఫ్టినెంట్ హేగ్ వంటి అధికారులు, భారతీయుల్లో వీణెం వీరన్న పని నడిపించారు. కూలీలను, సామగ్రిని కూడగట్టిన వీరన్న పేరు ధవళేశ్వరం చరిత్రలో కాటన్ పేరుకు తోడుగా వినిపిస్తుంది. కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. వీరన్నకు అందులో పదో వంతు గుర్తింపైనా దక్కలేదు.

ఆనకట్టతో నీరు నిలిచింది కానీ, దాన్ని డెల్టా మూలమూలకు చేర్చే కాలువలు, లాకులు, తూములు అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్నాయి. నగరం దీవికి నీరు దాటించే పనిని ఫెలిక్స్ థాకరే హేగ్ (1827–1901) చేపట్టాడు. అప్పటికి ఆయన పాతికేళ్ల వయసు లెఫ్టినెంట్. వరదలు తగ్గాక మొదలుపెట్టి మళ్లీ వరద తాకేలోపు ముగించాలి. పోటుపాట్లున్న నదిలో అర్ధాంతరంగా ఆగిన కమానులను తొలి వరదే పెకిలించుకుపోతుంది. హేగ్ దాన్ని ఒక్క పని కాలంలోనే నిలబెట్టాడు. గోదావరి డెల్టా చరిత్రల్లో ఈ వంతెన ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ముందుగా కనిపించేది ఆ వేగమే. హేగ్ తరువాత ఎగువ గోదావరిలో నౌకాయానం మీద పనిచేశాడు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నంలో భాగమే. 1871లో ఆ పథకాన్నే వదిలేశారు.

డెల్టా కట్టడాల సాంకేతిక వివరాలను మద్రాసు చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన జార్జి వాల్ష్ 1896లో రెండు సంపుటాలుగా గ్రంథస్థం చేశాడు. 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరు మరో ముఖ్య ఆధారం.

నిర్మాణం

పాత అక్విడెక్టుకు ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున 49 కమానులు ఉన్నాయి. మొత్తం నిడివి 2,248 అడుగులు, అంటే సుమారు 685 మీటర్లు. ఈ అంకెలను ఒకదానితో ఒకటి సరిచూస్తే కట్టడం స్వరూపం తెలుస్తుంది. 49 కమానుల ఖాళీ కలిపితే 1,960 అడుగులు. మిగిలిన 288 అడుగులను 48 నడిమి స్తంభాలకు పంచితే ఒక్కో దానికి ఆరడుగులు. అంటే నది వెడల్పులో ఎనిమిదింట ఏడు వంతులు నీటికే వదిలి, ఒక వంతు మాత్రమే కట్టడానికి వాడుకున్నారు. వరద దారికి అడ్డు తక్కువ కావాలి, ఇటుక ఖర్చూ తగ్గాలి. రెంటికీ కుదిరిన కొలత ఇది.

డెల్టాలో రాయి దొరకదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రు, ఇసుక, బంకమట్టే. ధవళేశ్వరం ఆనకట్టకు పక్కనే కొండ ఉంది. ఆ కొండ నుంచి నది దాకా ఇనుప పట్టాలు పరిచి బండ్ల మీద రాయి తోలారు. బొంబాయి, ఠాణాల మధ్య 1853లో ప్రయాణికుల రైలు నడవడానికి కొన్నేళ్ల ముందే గోదావరి ఒడ్డున పట్టాలు పడ్డాయి. గన్నవరంలో ఆ సౌకర్యం లేదు కాబట్టి డెల్టా మట్టినే ఇటుకగా కాల్చి కమానులు తిప్పారు. ఇటుకలను పట్టి ఉంచింది గానుగ సున్నం. ఇసుక, సున్నం కలిపి గుండ్రటి గాడిలో పోసి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద మెత్తగా నూరితే తయారయ్యేది అది. సిమెంటులా గంటల్లో బిగుసుకోదు, నెమ్మదిగా ఏళ్ల తరబడి గట్టిపడుతుంది.

కమాను పనిచేసే తీరు సులువైనది. పైన ఉన్న నీటి బరువు ఇటుకలను ఒకదానికొకటి ఒత్తుతుంది. ఇటుక లాగుడుకు ఓర్వదు కానీ ఒత్తుడుకు బాగా ఓరుస్తుంది. ఒక కమాను పక్కకు నెట్టే బలాన్ని పొరుగు కమాను ఎదురు నెట్టి సరిచేస్తుంది. ఆ వరస రెండు కొసల్లో ఒడ్డు గోడల మీద ఆగుతుంది. అందుకే వరుసలో ఒక్కటి కూలినా పక్కవాటికి ముప్పే.

కట్టడాన్ని మించిన సమస్య పునాది. నది అడుగున ఇసుక వరదకు కోసుకుపోతుంది. దక్షిణాదిలో దీనికి పాతకాలం నుంచి ఉన్న ఉపాయం బావి పునాది. ఇటుకతో గుండ్రటి ఒర కట్టి, లోపలి ఇసుక తోడుతూ ఉంటే ఒర తన బరువుకే కిందికి దిగుతుంది. తరువాత లోపల రాయి, సున్నం నింపుతారు. కాటన్ ధవళేశ్వరంలో ఇదే పద్ధతి వాడాడు. ఊళ్లో మంచినీటి బావి తవ్వే పనివాళ్లకు తెలిసిన విద్యే నదిని కట్టింది.

నీరు ప్రయాణించే దారి

నీటి ప్రయాణం బొబ్బర్లంక దగ్గర మొదలవుతుంది. అక్కడి హెడ్ స్లూయిస్ నుంచి మధ్య డెల్టా ప్రధాన కాలువ బయలుదేరుతుంది. ఆత్రేయపురం మండలం లొల్ల వద్ద ప్రధాన కాలువ అమలాపురం కాలువ, గన్నవరం కాలువ వంటి శాఖలుగా చీలుతుంది. లొల్ల లాకులు సినిమా షూటింగుల వల్ల అందరికీ తెలుసు. గన్నవరం కాలువ వైనతేయ ఒడ్డు చేరి, అక్విడెక్టు తొట్టిలోకి ఎక్కి, అవతలి ఒడ్డున దిగి రాజోలు ప్రాంతపు కాలువల్లోకి పంచుకుపోతుంది.

ఈ దారిలో ఎక్కడా పంపు లేదు. వాలు ఒక్కటే నీటిని నడిపిస్తుంది. డెల్టా నేల వాలు ఎంత తక్కువంటే, ధవళేశ్వరం దగ్గర కూడబెట్టుకున్న ఎత్తును సముద్రం దాకా పిసినారిలా ఖర్చుపెట్టుకుంటూ పోవాలి. అక్విడెక్టు తొట్టి అడుగు కొద్దిగా ఎత్తు పెరిగినా అవతల దిండి, సఖినేటిపల్లి వంటి శివారు ఊళ్లకు నీటి మట్టం చాలదు. కొద్దిగా తగ్గితే వరద రోజున కమానుల కింద ఖాళీ తగ్గిపోతుంది. పైనున్న కాలువ, కిందనున్న నది రెండూ ఒక్క తొట్టి మందం మీద రాజీపడ్డాయి.

గోదావరి డెల్టా కాలువలు సాగు కోసమే కాదు, పడవల కోసం కూడా తవ్వినవి. లాకుల అసలు పని పడవను ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చడమే. ధాన్యం, కొబ్బరికాయల రవాణా, ప్రయాణికుల రాకపోకలు చాలాకాలం పడవల మీదే సాగాయి. రోడ్లు వచ్చాక పడవ పోయింది, లాకు పేరు మాత్రం మిగిలింది.

ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీత, గుర్రపుడెక్క ఏరివేత, తూముల మరమ్మతు ఆ కొద్ది వారాల్లోనే జరగాలి. నీరు పారుతుండగా నీటి వంతెనకు మరమ్మతు చేయడం కుదరదు కాబట్టి తొట్టి పగుళ్లు పూడ్చుకోవడానికీ అదే అదను. తిరిగి సార్వాకు నీరు వదిలిన రోజు శివారు రైతు చూసేది క్యాలెండరు కాదు, ఊరి తూము దగ్గర నీటి రంగు.

కొత్త అక్విడెక్టు

ఒకటిన్నర శతాబ్దం పని చేసిన ఇటుక కట్టడం మీద భారం పెరిగింది. సాగునీటి అవసరంతో పాటు బరువు వాహనాల రోజులు వచ్చాయి. పాతదాని పక్కనే కాంక్రీటుతో కట్టిన కొత్త అక్విడెక్టు 2000లో వాడుకలోకి వచ్చింది. కాలువ, రోడ్డు రెండూ దీని మీదుగానే వైనతేయను దాటుతాయి. రాజోలు వైపు నుంచి అంబాజీపేట, రావులపాలెం వెళ్లే వాహనాలకు ఇదే దారి. దిగువన బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య వంతెన పడ్డాక అమలాపురం వెళ్లేవారికి మరో దారి దొరికింది.

కొత్త అక్విడెక్టుకు ఎవరి పేరు పెట్టారో ఆ డొక్కా సీతమ్మ (1841–1909) లంకల గన్నవరానికి చెందిన గృహిణి. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆమెను ఈ ప్రాంతం అపర అన్నపూర్ణగా తలుస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. పాత అక్విడెక్టు కట్టేనాటికి ఆమె పదేళ్లు దాటిన పిల్ల.

పారిశ్రామిక వారసత్వంగా

కోటలు, గుళ్లలాగా కాలువలను, లాకులను, కార్ఖానాలను కాపాడాలన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో బలపడింది. వేల్స్‌లో థామస్ టెల్‌ఫోర్డ్ కట్టిన పోంట్‌కిసిల్టే నీటి వంతెన (1805) 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని నిడివి 307 మీటర్లు, గన్నవరం పాత కట్టడంలో సగం కూడా లేదు. అయితే అది లోయ మీద ఎత్తున ఇనుప తొట్టితో నిలిచినది, ఇది పోటు నదిలో పొట్టి స్తంభాల మీద ఇటుకతో సాగినది. నిడివి ఒక్కటే చూసి పోల్చడం సరికాదు. మన దేశంలో దీనికి సమకాలికమైనది గంగా కాలువ మీద రూర్కీ వద్ద ప్రోబీ కాట్లీ కట్టించిన సోలానీ అక్విడెక్టు (1854). తెలుగునాట కర్నూలు–కడప కాలువను హంద్రీ నది మీదుగా దాటించిన కట్టడం తరువాతి తరానిది.

నీటిపారుదల కట్టడాలకు అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ వేరే జాబితా నడుపుతోంది. వందేళ్లు దాటిన కట్టడాలను అందులో చేరుస్తారు. కంభం చెరువు, పోరుమామిళ్ల చెరువు, కె.సి. కాలువ 2020లో, ధవళేశ్వరంలోని సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ 2022లో ఈ గుర్తింపు పొందాయి. పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో కట్టిన ఆ బ్యారేజీ మాత్రం 1982లోనే పూర్తయింది. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, చిత్రాలు, పనిలో వాడిన యంత్రాలు ఉన్నాయి.

గన్నవరం పాత కమానులకు అలాంటి ప్రదర్శనశాల లేదు, అవి నదిలోనే ఉన్నాయి. విగ్రహం కన్నా, నమూనా కన్నా విలువైన సాక్ష్యం ఆ కమానులే. ఇటుక పరిమాణం, సున్నపు అతుకు, స్తంభం ముక్కుకు వరద చేసిన అరుగుదల, పోటు నీరు ఎంతవరకు ఎక్కేదో చెప్పే చారిక ఇవన్నీ అసలు కట్టడం మీదే చదవగలం.

ముప్పులు

ఉప్పునీరు ఇటుక రంధ్రాల్లోకి ఎక్కి, ఎండకు ఆరి, ఉప్పు గడ్డకట్టి ఇటుకను పొరలుగా రాలుస్తుంది. అతుకుల్లో మొలిచే రావి, మర్రి వేళ్లు కమానును చీలుస్తాయి. ఇలాంటిచోట సిమెంటు పూయడం మేలు కన్నా కీడే చేస్తుంది. గట్టి సిమెంటు లోపలి తడిని బయటికి రానివ్వదు. పాత సున్నపు కట్టడానికి సున్నంతోనే అతుకు వేయాలన్నది సంరక్షణ నిపుణులు సాధారణంగా పాటించే నియమం.

అన్నిటికన్నా పెద్ద ముప్పు వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. కోనసీమలో ఏటిగట్లు తెగాయి. 2022 జూలైలో వచ్చిన పెద్ద వరద కూడా లంక గ్రామాలను ముంచింది. ఇలాంటి ప్రవాహంలో ఒక వాటా వైనతేయలోకి వచ్చి ఈ స్తంభాల మధ్య నుంచే పోవాలి. కొట్టుకొచ్చే దుంగలు, గుర్రపుడెక్క స్తంభాలకు తట్టుకుని నీటి దారిని మరింత ఇరుకు చేస్తాయి. నదిలో ఇసుక తవ్వకం పునాదులకు మరో చేటు.

చూడదలచినవారికి

దిండిలో పర్యాటక శాఖ రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. అక్కడి నుంచి రాజోలు మీదుగా రోడ్డు మార్గంలో పి.గన్నవరం చేరవచ్చు. కొత్త అక్విడెక్టు మీద నిలబడితే కాళ్ల దగ్గర కాలువ నీరు, దాని కింద నది, పక్కన పాత కమానుల వరస ఒకే చూపులో కనిపిస్తాయి. వరద కాలంలో స్తంభాలు చాలావరకు నీటిలో ఉంటాయి. ఇటుక కట్టుబడి దగ్గరగా చూడాలంటే జనవరి నుంచి మే దాకా, పాటు వేళ వెళ్లాలి.